ఏడో భాగంలో పిశాచి మాట్లాడడు

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి వస్తుంటే మా లెక్కల సారు గేటు దాకా వచ్చి, "యాదగిరీ, నీకు నోరు తప్ప వేరే ఆస్తి లేదురా" అన్నాడు. సారు లెక్క తప్పలేదు. ఆ నోటితోనే ముప్ఫై ఏళ్ళు బతికాను. అందులో సగం కాలం పిశాచిగా, కొంత కాలం కుక్కగా, మిగిలిందంతా గుంపులో గోవిందగా. తెరమీద నా పేరు ఒక్కసారీ పడలేదు. మా అమ్మ టీవీలో నేను గొంతిచ్చిన సినిమా చూస్తూ "ఇందుల నువ్వెవరు బిడ్డా?" అని అడిగితే, "గా గుర్రం సకిలిస్తుంది చూడు, అది నేనే" అని చూపించాను. అమ్మ కాసేపు గుర్రాన్నే చూసి, "మంచిగున్నవు, జర బక్కగైనవు" అంది.

ఇప్పుడు రిటైరయ్యాను. డబ్బింగ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, గొంతు ఎలా కాపాడుకోవాలి, మిరియాలు మంచివా, పటికబెల్లం మంచిదా అని అడుగుతుంటారు. రెండూ మంచివే, తినండి. అసలు పని వేరే ఉంది. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

పెదాల పని

బయటివాళ్ళు డబ్బింగంటే గొంతనుకుంటారు. కాదు, పెదాలు. తెరమీద దొర నోరు మూసిన చోట మన మాటలో ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి. అక్కడ మనం 'క' అన్నామా, చూసేవాడికి ఎందుకో తెలియకుండానే ఒళ్ళు మండుతుంది. అందుకే మా సినిమాల్లో ఇంగ్లీషువాళ్ళందరూ ఊరికే "మరి", "పాపం", "బాబోయ్" అంటుంటారు. ఆ మాటలు కథకు అవసరమై కాదు, దొరగారి మూతికి అవసరమై.

మనిషి వీపు తిప్పితే మాకు పండగ. నోరు కనపడదు కదా, ఏమైనా అనిపించొచ్చు. కథ అర్థం కాని సినిమాల్లో కథంతా వీపుల మీదే చెప్పాను. పెదాలకంటే ముందు చూడాల్సింది ఊపిరి. మాట మొదలయ్యే ముందు మనిషి భుజం లేస్తుంది. ఆ భుజంతోపాటు మీ భుజమూ లేచిందంటే మాట దానంతటదే వచ్చి పడుతుంది. దీనికి చదువక్కర్లేదు. నాకు లేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మా స్టూడియో అమీర్‌పేటలో ఒక బిల్డింగు మూడో అంతస్తులో ఉండేది. కింద రెండంతస్తులూ కంప్యూటర్ కోర్సులు. గంట గంటకూ ఒక బ్యాచి దిగేది, ఒక బ్యాచి ఎక్కేది. ఆ పది నిమిషాలూ మెట్లమీద ఏనుగులు పోతున్నట్టుండేది, రికార్డింగు ఆపేసేవాళ్ళం. దేశమంతా సాఫ్ట్‌వేర్‌లోకి పోతున్న రోజుల్లో, వాళ్ళ నెత్తిమీద కూర్చుని మేము పిశాచాల చేత తెలుగు మాట్లాడించేవాళ్ళం.

ప్రసాద్ గారు

మా పెద్ద ప్రసాద్ గారు. కోస్తా నుంచి వచ్చి పంజాగుట్టలో ఆఫీసు పెట్టుకున్న మనిషి. ఛానళ్ళ నుంచి సినిమాలు తెచ్చి మాచేత తెలుగు చేయించేవాడు. నన్ను డబ్బింగ్ ఇంఛార్జిని చేసింది ఆయనే. అంటే తిట్లు ముందు నాకు తగులుతాయని అర్థం.

ఆయన లోపం తొందర. ఈ రోజు సినిమా ఇచ్చి నిన్న కావాలనేవాడు. కానీ ఒక గుణం ఉంది. ఒకసారి బోనాల సమయంలో బల్కంపేట వైపు నుంచి డప్పులు మా గోడలు దాటి రికార్డింగులో పడ్డాయి. పిశాచి కోట సీను. నేను చెమటలు పట్టి వెళ్ళి చెప్పాను. ఆయన రెండుసార్లు విని, "ఊళ్ళోవాళ్ళు దివిటీలు పట్టుకుని కోటమీదకి వస్తున్నారు కదయ్యా, డప్పులుంటే తప్పేంటి? ఉంచెయ్" అన్నాడు. ఇంగ్లండు కోటలో మన ఎల్లమ్మ డప్పులు మోగాయి. తప్పు జరిగినప్పుడు ఎవరిదని అడక్కుండా, అది పనికొస్తుందా అని చూసే పెద్ద మీకు దొరికితే వదలకండి, ఎంత తొందరపెట్టినా సరే.

ఏడో భాగం

ఆ పిశాచి సినిమాలు ఒక వరస. ఇంగ్లండులో ఎప్పుడో తీసినవి. ఒక కేబుల్ ఛానల్ వాటిని ఒక్కొక్కటిగా కొని మాకిచ్చేది. మొదటి భాగం చేసినప్పుడు నాకు నిజంగా జ్వరం వచ్చింది. పిశాచి మెట్లు దిగి వచ్చి, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాదకే భయం వేస్తుంది. ఆ గొంతు నాది. చెప్పుకోకూడదు గానీ బాగా చేశాను.

ఆ తర్వాత ఒక్కో భాగమూ ఒక్కో మెట్టు కిందికి దిగింది. ఏడోది వచ్చేసరికి మెట్లు అయిపోయాయి. అదే కోట, అదే గుర్రపు బండి, దారి తప్పిన అదే నలుగురు ప్రయాణికులు. పొగ మాత్రం పెరిగింది. సినిమాలో పొగ ఎక్కువైందంటే కథ తక్కువైందని గుర్తుపెట్టుకోండి. పిశాచి సగం సినిమా అయ్యాక వస్తాడు. వచ్చి ఒక్క మాట మాట్లాడడు. బుస కొడతాడు, గుర్రుమంటాడు, పోతాడు. రాసేవాళ్ళకు మాటలు అయిపోయినట్టున్నాయి. మైకు ముందు నిలబడి బుసలు కొడుతుంటే, మా రికార్డిస్టు మోజం భాయ్ అద్దం వెనక నుంచి "యాది భాయ్, కుక్కర్ పెట్టినవా?" అనేవాడు.

హీరోయిన్ సంగతి ఇంకా అన్యాయం. ఆ పిల్లకు మాటలకంటే కేకలు ఎక్కువ. తలుపు తెరిస్తే కేక, మూస్తే కేక.

ఆ కేకలు వేయాల్సింది సుగుణమ్మ గారు.

సుగుణమ్మ గారు

తెనాలి వైపు నాటకాల్లో పేరు తెచ్చుకుని హైదరాబాదు వచ్చిన మనిషి. అప్పటికి అరవై దాటాయి. కళ్ళు మూసుకుని వింటే మాత్రం ఇరవై. ఆరు భాగాల్లో ఆరుగురు హీరోయిన్లు మారారు. గొంతు ఆవిడదొక్కటే. ఆరుసార్లు మెడ కొరికించుకుంది.

మైకు ముందు గాజుల చప్పుడు పనికిరాదు. కొందరు తీసి పక్కన పెడతారు. ఆవిడ తీయదు. రెండు చేతి రుమాళ్ళు తెచ్చుకుని, రెండు చేతుల గాజులమీదా బిగించి చుట్టుకుని, చెప్పులు విడిచి నిలబడేది. ఆ రుమాళ్ళు విప్పితే ఆవిడ పని ఆ రోజుకు అయిపోయినట్టే. దేవుడొచ్చి ఇంకొక్క టేకు అడిగినా లేదు.

నా తప్పు

ఏడో భాగం మొదటి రోజు మాటలు బాగానే చెప్పింది. మొదటి కేక దగ్గర గొంతు చీలింది. మళ్ళీ వేసింది, మళ్ళీ చీలింది. మోజం భాయ్ "అమ్మీ, జర ఇంకొక్కసారి" అన్నాడు. మూడోసారి కేక సగంలో ఆగి, గాలి మాత్రం వచ్చింది.

గదిలో ఐదారుగురం ఉన్నాం. ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం నేను భరించలేను, అది నా జబ్బు. నోరు ఊరుకోదు.

"అమ్మా, గీ కేక ఇంటే పిశాచి సుత కొరకడు. పాపం అని దుప్పటి కప్పి పోతడు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే రుమాళ్ళు విప్పింది. అప్పటికి ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

మర్నాడు రాలేదు. ప్రసాద్ గారు ఫోను చేశాడు. "ఏంటయ్యా, సుగుణమ్మ గారి గొంతు పోయిందట? ఇంకో అమ్మాయిని పెట్టించు. మొదటి నుంచీ మార్చెయ్. వారంలో ఇవ్వాలి."

"ఒక్క రోజు ఆగుండ్రి సార్" అన్నాను.

కొత్తగా వచ్చే పిల్లలూ, ఇది వినండి. జోకు వేసి మనిషిని నవ్వించామంటే వాళ్ళకు నొప్పి తగల్లేదని కాదు. నాటకాల మనిషి నవ్వు అస్సలు నమ్మకండి. ఏ నవ్వు ఎప్పుడు నవ్వాలో వాళ్ళకు తెలుసు.

టీవీకున్న గుండీ

సుగుణమ్మ గారి ఇల్లు మా బల్కంపేట సందుల్లోనే. వెళ్ళేసరికి టీవీ మోత వీధి దాకా వినిపిస్తోంది. ఆవిడ భర్త రాఘవయ్య గారు తలుపు తీశాడు. గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. చెవుడు.

"నమస్తే సార్, అమ్మ ఉన్నదా?"

"ఉంది, లోపలికి రావయ్యా. నీ గొంతు బండగా ఉంటుంది, బాగా వినపడుతుంది. మా ఆవిడది సన్నం కదా, ఈ మధ్య అసలు అందటం లేదు" అన్నాడాయన, ఎదుటి ఇంటివాళ్ళకు కూడా చెబుతున్నంత గట్టిగా.

సుగుణమ్మ గారు వంటింట్లో పీటమీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను కింద కూర్చున్నాను.

"అమ్మా, నిన్న నేనన్నది..."

"నవ్వాను కదా" అంది మెల్లిగా.

"నవ్విండ్రు గనకనే వచ్చిన."

కాసేపు కాయలు తుంచి అసలు సంగతి చెప్పింది. గొంతులో, మాట పుట్టే చోట చిన్న కాయలాంటిది లేచిందట. పది రోజుల్లో ఆపరేషను. అది ప్రమాదమైంది కాదు. కానీ అయ్యాక పాత గొంతే వస్తుందని మాత్రం చెప్పలేనన్నాడట డాక్టరు. అప్పటిదాకా అరవకూడదు. గుసగుస కూడా వద్దట, గొంతుకు అదింకా చేటట. మామూలుగా, మెల్లిగా, కాసిని మాటలు మాట్లాడుకోవచ్చన్నాడు.

"మాకు చెప్పొద్దా అమ్మా?"

"చెబితే ఎవరు పిలుస్తారు నాయనా?"

ప్రసాద్ గారు వేరే అమ్మాయిని పెట్టమన్న సంగతి చెప్పేశాను. ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"పోనీయండ్రి అమ్మా. అంత చెత్త సినిమా ఇంకోటి లేదు. పిశాచికే ఇష్టం లేదు అందుల ఉండుడు."

"చెత్తదే" అంది. "ఆ సంగతి ఆ పిల్లకి తెలుసా? అది నిజంగానే భయపడుతోంది. ఆరుగురికి ఇచ్చి, దీనికి సగం ఇచ్చి వదిలేశానంటే ఎట్లా?"

తర్వాత హాల్లో టీవీ వైపు చూసింది.

"ఇంట్లో నేనెంత పిలిచినా ఆయనకి వినపడదు యాదగిరీ. అరవలేను. టీవీలో నా సినిమా వస్తే మాత్రం గుండీ తిప్పుకుని పెంచుకుంటారు. 'ఇదిగో, ఇది నువ్వే' అంటారు. ఆపరేషనయ్యాక ఏ గొంతు వస్తుందో ఏమో. ఇది ఉండగానే ఇదొక్కటి పూర్తి చేస్తాను. చెత్తదయినా పర్లేదు."

మెట్ల కేక, తలుపు కేక

స్టూడియోకు వచ్చి మోజం భాయ్‌కి చెప్పాను. ఆయన కంప్యూటర్లో ఒక పెట్టె తెరిచాడు. వరసగా పేర్లు. మెట్ల కేక. తలుపు కేక. గబ్బిలం కేక. శవపేటిక కేక, పొడుగుది. శవపేటిక కేక, పొట్టిది.

"ఇవన్నీ ఏంది భాయ్?"

"అమ్మీ కేకలు. ఒకటో భాగం నుంచి ఆరు దాకా. టేపు మీదివి సుత ఎక్కించి పెట్టిన. గింత మంచి కేకలు పారేస్తరా ఎవరన్నా?"

ఆయన్ని కౌగిలించుకున్నాను. "ఛోడో యార్, అత్తరంతా పోతది" అన్నాడు.

ఇక మిగిలినవి మాటలు. రెండు రోజులు కూర్చుని ఆ పిల్ల మాటలన్నీ మళ్ళీ రాశాను. పై స్థాయిలో అరిచి చెప్పాల్సినవి తీసేసి, మెల్లిగా చెప్పగలిగినవి పెట్టాను. "రక్షించండి, రక్షించండి" అన్న చోట "ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అని పెట్టాను. పెదాలు కలవని చోట మోజం భాయ్ ఉరుము వేశాడు. ఆ సినిమాలో అన్ని ఉరుములు ఎందుకున్నాయో ఇప్పుడు మీకు తెలిసింది.

ప్రసాద్ గారికి అబద్ధం చెప్పలేదు. పంజాగుట్ట వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎన్ని రోజులు?"

"రోజుకు నాలుగైదు మాటలే చెప్తది సార్. ఆపరేషన్ ముందటి రోజు దాకా కావాలె."

"ఛానల్ వాళ్ళకి నేనేం చెప్పను?"

"ఏదో ఒకటి..."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, ఆ అబద్ధం కూడా నువ్వే రాసివ్వు. నా పెదాలకి కలిసేట్టు రాయి."

అలా వారం పైన జరిగింది. పొద్దున్నే, కింద మొదటి బ్యాచి రాకముందు ఆవిడ వచ్చేది. నిలబడనివ్వలేదు, కుర్చీ వేశాం. రుమాళ్ళు చుట్టుకుని, నాలుగు మాటలు చెప్పి, వేడినీళ్ళు తాగి వెళ్ళిపోయేది. చివరి మాట చివరి రోజున పెట్టుకున్నాం. కోట తగలబడి, తెల్లారి, ఆ పిల్ల హీరో చెయ్యి పట్టుకుని "పోదాం పద, ఇంక భయం లేదు" అంటుంది. ఇంగ్లీషులో అదొక పనికిమాలిన మాట. సుగుణమ్మ గారు అది అన్న తీరుకు, మోజం భాయ్ రికార్డింగు ఆపడం మర్చిపోయాడు. ఆ టేకు తర్వాత చాలాసేపు గది నిశ్శబ్దమే రికార్డయింది. ఆ రోజు నేను కూడా ఏ జోకూ వేయలేదు. అది నా వృత్తి జీవితంలో గొప్ప విజయం.

సినిమా బాగుపడిందా అంటే, లేదు. చెత్త చెత్తే. మంచి సినిమాలో సినిమానే మనల్ని మోస్తుంది. చెత్త సినిమాను మనం మోయాలి. ఎవరి భుజం ఎంతో అక్కడే తెలుస్తుంది.

నా గొంతు నాకే వినపడలేదు

ఆపరేషను బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో అయింది. బాగానే అయింది. కొన్నాళ్ళు నోరు మెదపకూడదన్నారు. ఆ కొన్నాళ్ళలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం ఏడో భాగం టీవీలో వచ్చింది.

సాయంత్రం పలకరించడానికి వెళ్ళాను. సుగుణమ్మ గారు నన్ను చూడగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, చప్పుడు లేకుండా ఊగిపోయింది. ఏడుస్తోందనుకుని హడలిపోయాను. రాఘవయ్య గారు నావైపు కోపంగా చూశాడు.

"ఏమయ్యా, ఆ పిశాచి టీ చల్లారిపోతోందని చెప్పాడు. వంటింట్లోకి వెళ్ళి చూస్తే టీ ఏదీ? ఆవిడేమో అప్పట్నించీ ఇట్లా ఊగుతోంది!"

సంగతి ఏమిటంటే, టేపు రోజుల్లో అందరం ఒకే మైకు దగ్గర నిలబడి చెప్పేవాళ్ళం. రెండో భాగంలో సుగుణమ్మ గారు శవపేటిక కేక వేయగానే, ఆవిణ్ణి నవ్వించడానికి నేను పిశాచి గొంతుతో "అయిందా తల్లీ, టీ సల్లారుతున్నది" అన్నాను. ఆ కేక వెనకే అది అతుక్కుని ఇన్నేళ్ళూ ఉండిపోయింది. ఉరుము కింద సన్నగా ఉంది కాబట్టి ఊళ్ళో ఎవరికీ వినపడలేదు. గుండీ చివరిదాకా తిప్పుకుని చూసిన ఒక్క చెవిటి ఆయనకు తప్ప.

మొత్తం సినిమాలో పిశాచి పలికిన ఒకే ఒక్క డైలాగు అది.

ఆఖరిసారి సరిచూసింది నేనే. మూడుసార్లు విన్నాను. రోజంతా వినే సొంత గొంతు చెవికి ఆనదు, గోడమీద పాత క్యాలెండరులాగా. మీ గొంతు ఉన్నదాన్ని మీరే సరిచూసి పంపకండి. ఇంకొకరి చెవి అప్పు తెచ్చుకోండి. ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళి నేనే ఒప్పుకున్నాను. ఆయన మళ్ళీ వేయించుకుని విని, "నీకు ఇందులో డైలాగు లేదని ఏడ్చావు కదయ్యా, సాధించావు" అన్నాడు.

ఆ గొంతు

డాక్టరు మాట్లాడొచ్చన్న రోజున కబురొచ్చింది. మోజం భాయ్, నేనూ వెళ్ళాం. బయట చెప్పులు విడుస్తూ ఆయన నా చెయ్యి పట్టుకుని, "యాది భాయ్, ఎట్ల ఉన్నా సరే, నువ్వు నోరు మూసుకో" అన్నాడు. సరేనన్నాను.

సుగుణమ్మ గారు మమ్మల్ని కూర్చోమని సైగ చేసింది. తర్వాత లోపలి గది వైపు తిరిగి, అరవకుండా, మామూలుగా పిలిచింది.

"ఏవండీ, పిల్లలొచ్చారు."

ఆ ఇరవై ఏళ్ళ పిల్ల లేదు. గొంతు బరువెక్కి, లోతుకు దిగి, కొంచెం గరుకుగా ఉంది. మోజం భాయ్ తల వంచుకున్నాడు.

లోపలి నుంచి రాఘవయ్య గారు, "ఆఁ, వస్తున్నా, వస్తున్నా" అన్నాడు.

ఆవిడ కదల్లేదు. అలాగే గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది. మళ్ళీ, ఇంకా చిన్నగా పిలిచింది. "ఏవండీ."

"వస్తున్నానంటే వినపడదా నీకు?" అని విసుక్కున్నాడాయన లోపలి నుంచి.

సుగుణమ్మ గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మోజం భాయ్ కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించాడు. నాకు ఆ మౌనం పడదని చెప్పాను కదా.

"గొంతు జర బరువైంది గానీ మస్తుందమ్మా" అన్నాను. "ఫికర్ చేయకుండ్రి. ఇగ ముసలమ్మ వేషాలన్నీ మీకే ఇప్పిస్త."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ కొత్త గొంతుతో అంది.

"ముసలమ్మ వేషాలు నువ్వే ఉంచుకో నాయనా. నాకు పిశాచి వేషం ఇప్పించు. మెడ కొరికించుకుని కేకలు వేసే పని ఇకనుంచి నీది."